మెట్టపంటల వారసత్వం – వారసుల ప్రశ్న: జహీరాబాదు సేద్యానుభవం ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

సంప్రదాయ సేద్యం సుస్థిరాభివృద్ధికి ఆధారమన్న మాట నేడు ప్రభుత్వ ప్రకటనల్లోనూ, అంతర్జాతీయ సంస్థల పత్రాల్లోనూ, అంగళ్లలోనూ వినిపిస్తున్నది. ఆ మాట ఏ షరతుల మీద నిజమవుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు నాలుగు దశాబ్దాలుగా సాగిస్తున్న మెట్టసేద్యాన్ని ప్రధానాధారంగా తీసుకొని, ఆ పంటలకు వేర్వేరు వర్గాలు పెట్టిన పేర్లను విమర్శనాత్మకంగా చదువుతుంది. వారసత్వమనే మాటకు తెలుగులో ఉన్న ఆస్తిహక్కు అర్థాన్ని పక్కనపెట్టి, దానిని గతవైభవంగా మాత్రమే కీర్తిస్తే ఆ సేద్యానికి మేలు జరగదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మెట్టసేద్యం, చిరుధాన్యాలు, సత్యం పంటలు, విత్తన హక్కు, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ.

1. ఉపోద్ఘాతం

ఒక సమాజానికి తరతరాలుగా సంక్రమించిన సాంస్కృతిక సంపదకు ఆంగ్లంలో ఒక మాట, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దక్కే ఆస్తికి మరొక మాట ఉన్నాయి. తెలుగులో రెండింటికీ వారసత్వమే. అరబ్బీ మూలం గల ‘వారసుడు’ అనే పదం తెలుగునాట రెవెన్యూ, న్యాయ వ్యవహారాల్లో స్థిరపడింది. అందువల్ల వారసత్వమనగానే తెలుగువారి చెవికి రెండు ప్రశ్నలు ఒకేసారి తోస్తాయి: సంక్రమించినదేమిటి? దక్కినదెవరికి? సంప్రదాయ వ్యవసాయం మీద నేడు జరుగుతున్న చర్చ మొదటి ప్రశ్నకు విరివిగా సమాధానం చెబుతున్నది. రెండవ దానిని మాత్రం దాటవేస్తున్నది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2002లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వ వ్యవస్థలను గుర్తించే కార్యక్రమాన్ని ఆరంభించింది. భారతదేశం నుంచి కోరాపుట్ సంప్రదాయ సేద్యం, కశ్మీరు కుంకుమపువ్వు సాగు, కేరళలోని కుట్టనాడు ఆ గుర్తింపు పొందాయి. సమితి 2015లో 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించింది. 2019లో ఆ ఆహార, వ్యవసాయ సంస్థే వ్యవసాయ జీవావరణ విధానానికి పది మూలాంశాలను స్వీకరించింది. వాటిలో పంటల వైవిధ్యం, వనరుల పునర్వినియోగం, ఆటుపోట్లను తట్టుకునే శక్తితోపాటు ఆహార సంప్రదాయాలు, జ్ఞానాన్ని కలసి సృష్టించుకోవడం, బాధ్యతాయుత పాలన కూడా ఉన్నాయి. పత్రంలో ఇవన్నీ ఒకే వరుసలో ఒదిగిపోతాయి. పొలంలో అలా ఒదగవు. వైవిధ్యాన్ని మెచ్చుకోవడానికి ఖర్చు లేదు. దానిని కాపాడుతున్న మనిషికి భూమి, విత్తనం, ధర దక్కించడానికి మాత్రం పాలనలో మార్పు కావాలి. జహీరాబాదు అనుభవం ఈ తేడాను స్పష్టంగా చూపుతుంది.

2. పేర్లలో దాగిన విలువ

జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ. వీటిలో ప్రతిదానికీ దాని పేరు ఉన్నది. రాగినే తెలంగాణలో తైదలనీ, ఉత్తరాంధ్రలో చోళ్లనీ పిలవడం అవి ఆయా నేలల్లో ఎంత పాతుకున్నాయో తెలుపుతుంది. ఈ పంటలన్నింటినీ ఒక మూటగా కట్టవలసిన అవసరం పండించేవారికి రాలేదు. ఆ అవసరం గణాంకాలకు, పాలనకు, అంగడికి వచ్చింది. అప్పుడే సామూహిక నామాలు పుట్టాయి.

‘తృణధాన్యం’ అనే సంస్కృత సమాసానికి మూలం తృణం, అంటే గడ్డి. వృక్షశాస్త్రరీత్యా వరి, గోధుమలు కూడా గడ్డిజాతివే. అయినా వాడుకలో ఆ మాట చాలాకాలం ఈ గింజల మీదనే ఎక్కువగా నిలిచింది. తృణప్రాయం, తృణీకరణ వంటి పదాలున్న భాషలో ఆ పేరు కేవలం శాస్త్రీయ వర్గీకరణగా మిగలదు. పాలనా పరిభాష మరొక అడుగు వేసి వీటిని ‘ముతక ధాన్యాలు’ అన్నది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కిలో బియ్యానికి 3 రూపాయలు, గోధుమలకు 2 రూపాయలు, ముతక ధాన్యాలకు 1 రూపాయి ధర నిర్ణయించింది. పేదకు చౌకగా అందించడమే దాని ఉద్దేశం. అయినా ఆ మూడు అంకెల వరుస సమాజంలో అప్పటికే ఉన్న ధాన్యాల అంతస్తులను చట్టం భాషలో అచ్చువేసింది.

తరువాత పేర్లు వేగంగా మారాయి. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం వీటిని పోషక ధాన్యాలుగా ప్రకటించింది. భారతదేశం ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏటి కేంద్ర బడ్జెటు ప్రసంగంలో ఇవి ‘శ్రీ అన్న’ అయ్యాయి. ఈలోగా, ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్‌వలి ప్రచారం వల్ల ‘సిరిధాన్యాలు’ అనే మాట ఇంటింటికీ చేరింది. ఆయన సిరిధాన్యాలుగా ఎంచినవి కొర్ర, అండుకొర్ర, సామ, ఊద, అరిక అనే అయిదింటినే. తెలంగాణ పేదల రొట్టెకు, గటకకు ఆధారమైన జొన్న ఆ జాబితాలో లేదు. ఆకలి తీర్చిన గింజ కన్నా జబ్బు తగ్గిస్తుందని పేరుపడ్డ గింజకే సిరి దక్కింది.

గడ్డి నుంచి సిరి దాకా సాగిన ఈ నామకరణ ప్రయాణం గౌరవంగానే కనిపిస్తుంది. కానీ కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల జాబితాలో ఈ కుటుంబం నుంచి ఉన్నవి జొన్న, సజ్జ, రాగి మాత్రమే. కొర్ర, సామ, అరిక, ఊద, వరిగలకు ‘శ్రీ’ వచ్చింది గాని జాతీయ స్థాయి మద్దతు ధర రాలేదు. పేరు మారినంత మాత్రాన పంట విలువ మారదనడానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

ఈ పేర్లన్నింటికీ భిన్నమైన పేరొకటి జహీరాబాదు ప్రాంత మహిళారైతుల నోట ఉన్నది: ‘సత్యం పంటలు’. నీటిపారుదల కోరకుండా, కొన్న ఎరువు అడగకుండా, నేలలో ఉన్న తేమను నమ్ముకొని నిలబడి పండే పంటలకు వారు పెట్టుకున్న పేరిది. తృణం గింజ రూపాన్ని చెబుతుంది. ముతక తినేవారి అంతస్తును చెబుతుంది. పోషకం ప్రయోగశాల ఫలితాన్ని చెబుతుంది. శ్రీ, సిరి అనేవి కోరికను చెబుతాయి. సత్యమనే పేరు ఒక్కటే పంటకూ రైతుకూ నడుమ ఉన్న సంబంధాన్ని చెబుతుంది. మాట తప్పని పంట అన్నది దాని ధ్వని. సుస్థిరత అనే పారిభాషిక పదం చెప్పదలచిన దానికి ఇంతకన్నా దగ్గరి తెలుగు మాట దొరకడం కష్టం.

3. చేను పనితీరు

1983లో జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని ప్రారంభించింది. దాని వ్యవస్థాపకుల్లో ముఖ్యుడైన పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 2023 మార్చిలో మరణించారు. సుమారు 75 గ్రామాల్లో 5,000 మంది మహిళలు, ఎక్కువగా దళితులు, సంఘాలుగా ఏర్పడ్డారు. వారి సేద్యంలోని కీలకం కలగలుపు సాగు. ఒకే చేనులో జొన్న, కంది, పెసర, మినుము, అనుము, బొబ్బర, నువ్వు, కొర్ర వంటివి సాళ్లుగానో, కలిపి చల్లినవిగానో పెరుగుతాయి.

ఈ పద్ధతిని అలవాటుగా కొట్టివేయడానికి వీలులేదు. దాని వెనుక తర్కమున్నది. పెసర త్వరగా కోతకు వస్తుంది, జొన్న సుమారు నాలుగు నెలలు తీసుకుంటుంది, కంది ఇంకా ఆలస్యంగా వస్తుంది. అందువల్ల ఇంటికి తిండి ఒక్కసారిగా కాక విడతలుగా అందుతుంది. వాన ఒక దశలో ముఖం చాటేసినా అన్ని పంటలూ ఒకేసారి పోవు. కంది వేరు లోతుకు దిగి అడుగు తేమను అందుకుంటుంది, జొన్న వేళ్లు పైపొరల్లో విస్తరిస్తాయి. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి. పలుజాతుల మొక్కలు కలిసి ఉన్నప్పుడు ఒక పంటనే కోరే పురుగు వ్యాప్తికి అడ్డంకి ఏర్పడుతుంది. జొన్న చొప్ప పశువుకు మేత, పశువు పెంట చేనుకు ఎరువు. వ్యవసాయ జీవావరణ శాస్త్రం పరస్పర పోషణ, పునర్వినియోగం అని పిలిచేవి ఇవే.

కలుపు విషయంలో ఈ దృష్టి మరింత స్పష్టమవుతుంది. జొన్నచెంచలి, దొగ్గలి, గునుగు, పాయలి వంటివి విత్తకుండానే చేలలో మొలుస్తాయి. ఏకపంట సేద్యంలో అవి కలుపు. ఇక్కడి స్త్రీకి అవి కూర. కలుపుమందు చల్లిన చేనులో పోయేది ఒక్క కలుపు మాత్రమే కాదు, కొనకుండా దొరికే ఆకుకూర కూడా. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లన్న లెక్కలో ఈ కూరకు చోటు లేదు. దిగుబడిని ఒకే పంట బరువుతో కొలిచే పద్ధతి మెట్టచేను ఇచ్చేదాన్ని ఎప్పుడూ తక్కువగానే చూపిస్తుంది. కొలమానమే విమర్శకు గురికావలసిన సందర్భమిది.

4. విత్తనం, భూమి: వారసులెవరు?

ఈ ప్రాంత సేద్యజ్ఞానంలో పెద్ద భాగం స్త్రీల చేతిలో నడిచింది. మంచి కంకిని ముందుగా ఎంచి పక్కన పెట్టడం, బూడిద, వేపాకు కలిపి నిల్వ చేయడం, ఇరుగుపొరుగుకు బదులివ్వడం వారి పనులు. సంఘాలు ఊరూరా విత్తన నిధులను ఏర్పరచుకున్నాయి. ఏటా సంక్రాంతి వేళ మొదలై సుమారు నెలరోజులపాటు విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు గ్రామాలు తిరిగే పాతపంటల జాతర ఈ బదలాయింపుకు బహిరంగ రూపం. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం తన పొలంలోని విత్తనాన్ని దాచుకొనే, విత్తే, మార్చుకొనే, కంపెనీ ముద్ర లేకుండా అమ్ముకొనే హక్కును రైతుకు గుర్తించింది. చట్టం గుర్తించేనాటికే ఆ హక్కు ఆచారంగా ఈ చేతుల్లో ఉన్నది.

విత్తనం తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి సంక్రమించింది. భూమి అలా సంక్రమించలేదు. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ ద్వారా ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు కల్పించింది. కేంద్ర చట్టంలో ఆ మార్పు 2005లో వచ్చింది. అయితే పంచుకోవడానికి భూమే లేని కుటుంబంలో సమాన వాటా అర్థరహితం. జహీరాబాదు సంఘాలు ఈ ముడిని విప్పే ప్రయత్నం చేశాయి. భూమిలేని స్త్రీలు జట్టుగా కౌలుకు తీసుకొని సాగుచేశారు. షెడ్యూల్డు కులాల కార్పొరేషన్ పథకం ద్వారా కొందరు భూమి కొనుక్కున్నారు. నిస్సారంగా ఉన్న పంపకపు భూములను కట్టలు వేసి, రాళ్లు ఏరి సాగుకు తెచ్చుకున్నారు. పాతపంటలు తిరిగి లేచినది ఈ నేల మీదనే. సంప్రదాయం ముందు వచ్చి భూమిని తేలేదు. నేల మీద పట్టు దొరికిన తరువాతే సంప్రదాయం నిలదొక్కుకున్నది.

రాజ్యసహాయం నేటికీ ఈ క్రమాన్ని పూర్తిగా గ్రహించలేదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకు ఎకరాల లెక్కన అందింది. కౌలుకు తీసుకొని సాగుచేసేవారికి అందలేదు. కాగితంలో రైతు ఒకరు, చేనులో రైతు మరొకరు అయినప్పుడు వ్యవసాయ వారసత్వమనే మాట ఎవరిని ఉద్దేశిస్తున్నదో నిర్ణయించడం కష్టమవుతుంది.

5. ధాన్యం మీద అధికారం

పస్తాపూర్‌లో పని మొదలైన 1983లోనే ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టింది. ఆకలిని తగ్గించడంలో ఆ పథకం పాత్రను కాదనలేము. అదే సమయంలో మెట్టప్రాంతపు పళ్లెంలో జొన్నరొట్టె స్థానంలోకి కోస్తా, కాలువ ప్రాంతాల బియ్యాన్ని తెచ్చింది. తినేవారు తగ్గగా జొన్నచేలు బీడుపడ్డాయి; నీరున్న రైతు చెరకు వైపు మళ్లాడు. పేద కుటుంబం తాను పండించగలిగినదాన్ని మాని, పండించలేనిదాని కోసం దుకాణం ముందు నిలబడింది.

1990ల మధ్యలో సంఘాలు చేపట్టిన ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ దీనికి ఆచరణాత్మకమైన జవాబు. బీడుభూమిని సాగుకు తేవడానికి రైతుకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును అతడు నగదుగా కాక జొన్నలుగా, కొన్నేళ్లపాటు విడతలుగా తీర్చాడు. ఆ ధాన్యాన్ని ఊళ్లోనే నిల్వచేసి, పనులు దొరకని నెలల్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు ఎంత పేదలో ఊరివారే కూర్చొని నిర్ణయించారు. ఒక్క ఏర్పాటుతో బీడు సాగయింది, కూలి దొరికింది, మేత పెరిగింది, తిండి ఊళ్లోనే మిగిలింది. ఆకలి నిర్మూలన, నేల సంరక్షణ, స్త్రీల సాధికారత అని సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు వేర్వేరు గదుల్లో పెట్టినవి ఇక్కడ ఒకే గాదెలో కలిశాయి.

మాట మీద అధికారం కూడా ఇందులో భాగమే. 2008 అక్టోబరు 15న మాచునూరులో మొదలైన సంఘం రేడియో, మహిళలు స్వయంగా తీసిన చలనచిత్రాలు తమ సేద్యాన్ని తమ యాసలో చెప్పుకొనే వీలు కల్పించాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2019లో ఈక్వేటర్ పురస్కారం ఇచ్చినప్పుడు గుర్తించినది కొన్ని విత్తనాలను మాత్రమే కాదు, ఈ అధికారాల సమాహారాన్ని.

6. కీర్తనలో మరుగుపడేవి

సంప్రదాయ సేద్యాన్ని పొగిడే రచనలు తరచు మూడు విషయాలను మరుగుపరుస్తాయి. మొదటిది శ్రమ. జొన్న, సజ్జ, రాగులకు గట్టి పొట్టు సమస్య లేదు. కొర్ర, సామ, అరిక, ఊదలకు ఉన్నది. వాటిని దంచి, చెరిగి బియ్యంగా మార్చడం స్త్రీల భుజాలు విరిచే పని. వడ్ల మర దొరికినంత సులువుగా చిరుధాన్యాల మర పల్లెల్లో దొరకదు. వారసత్వం పేరుతో రోకలిని మళ్లీ స్త్రీ చేతికివ్వడం సుస్థిరాభివృద్ధి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘జీరో బడ్జెట్’ పేరుతో మొదలై, తరువాత ప్రకృతి వ్యవసాయంగా పేరు మార్చుకున్న కార్యక్రమం విషయంలోనూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. జీవామృతానికి డబ్బు ఖర్చు స్వల్పమే. పేడ, మూత్రం సేకరించి, కలిపి, మోసి, చల్లే శ్రమను శూన్యంగా లెక్కగట్టలేము.

రెండవది కులం. ఎర్ర చెలకల్లో, రాళ్ల నేలల్లో ఈ పంటలు దళితుల చేతుల్లో మిగలడానికి వారి జ్ఞానం ఎంత కారణమో, మంచి నేల, నీరు వారికి దక్కకపోవడమూ అంతే కారణం. ఆ లేమిని సంస్కృతిగా మాత్రమే వర్ణిస్తే అన్యాయానికి అందమైన పేరు పెట్టినట్లవుతుంది.

మూడవది మార్పు. సంప్రదాయం తన హద్దులు తనకు తెలిసినది. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతను, సెప్టెంబరు నడుమ వచ్చే ఉత్తరకార్తెలోనూ వాన లేకపోతే గంప ఎత్తుకొని వలసపోవలసిందేనన్న హెచ్చరికగా పెద్దలు వివరిస్తారు. అంటే కార్తెల జ్ఞానం కరువును దాచిపెట్టలేదు. వానల తీరు మారుతున్న కాలంలో ఆ జ్ఞానానికి వాతావరణ సూచన, తేలికపాటి యంత్రం, పరిశోధన తోడు కావాలి. పైనుంచి ఆజ్ఞగా వచ్చిన మార్పు ఏమవుతుందో శ్రీలంక చూపింది. అక్కడ 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, పంటలు దెబ్బతిని, రైతులు వీధికెక్కాక అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గారు. తప్పు సేంద్రియ సేద్యానిది కాదు. రైతును అడగకుండా, సిద్ధం చేయకుండా విధించడానిది. ఒడిశా 2017లో గిరిజన ప్రాంతాల్లో మొదలుపెట్టిన చిరుధాన్యాల మిషన్ రాగులను మద్దతు ధరకు కొని, చౌకదుకాణాలకు, అంగన్వాడీలకు చేర్చింది. పేరుతోపాటు ధరను, పళ్లేన్నీ కలిపిన నమూనా అది.

7. నగరపు పళ్లెం

పల్లె సేద్యపు భవిష్యత్తు నగరంలోనూ నిర్ణయమవుతుంది. జహీరాబాదుకు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, రైల్వే షెడ్డుతో, పారిశ్రామికవాడతో, హౌసింగు బోర్డు ఇళ్లతో పెరిగిన సికింద్రాబాదులోని మౌలాలి ఇందుకు తగిన ఉదాహరణ. దానికి కొద్ది దూరంలోని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 2017లో ఆ సంస్థ ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, మరపట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములైనా లేదు. రసాయన పురుగుమందులు లేని సాగును తెలుగు పల్లెల్లో వ్యాపింపజేసిన సుస్థిర వ్యవసాయ కేంద్రం కూడా సికింద్రాబాదు కేంద్రంగానే పనిచేసింది. జ్ఞానం ఇంత దగ్గరగా ఉన్నది. ధాన్యం మాత్రం దూరంగానే ఉన్నది.

2025 ఉగాది నుంచి తెలంగాణ రేషను దుకాణాల్లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా అందుతున్నది. పేదలకు మంచి బియ్యం అందడం హర్షణీయమే. కానీ అదే వీధిలోని సూపర్ మార్కెట్లో కొర్రలు, సామలు సన్నబియ్యాన్ని మించిన ధర పలుకుతాయి. మౌలాలి వంటి చోట కార్మిక కుటుంబం బియ్యం తింటుంది, మధుమేహానికి భయపడిన మధ్యతరగతి కుటుంబం సిరిధాన్యం కొంటుంది. ఒకనాడు పేదకు మాత్రమే మిగిలిన తిండి ఇప్పుడు పేదకు తప్ప అందరికీ అందుబాటులోకి వస్తున్నది. ఆ ఎక్కువ ధరలో చెలకలో పండించిన స్త్రీకి ఎంత చేరుతున్నదన్నదే గీటురాయి. రేషను సంచిలో ఆరు కిలోల్లో ఒక్క కిలో జొన్నలకో, తైదలకో చోటిచ్చినా నగరపు పేదకు పోషణ, మెట్టరైతుకు ఖాయమైన కొనుగోలు ఒకేసారి సమకూరుతాయి.

8. ముగింపు

జహీరాబాదు అనుభవం సంప్రదాయ సేద్యం సుస్థిరాభివృద్ధికి తోడ్పడగలదని నిరూపించింది. అయితే అది తనంతట తాను జరగలేదు. నేల మీద పట్టు, విత్తనం మీద హక్కు, గాదె మీద నిర్ణయాధికారం, చెప్పుకోవడానికి సొంత గొంతు అనే నాలుగూ కలిసినచోట పాతపంట నేటి అవసరానికి జవాబయింది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా అది ప్రదర్శనశాలలోని వస్తువుగానో, అంగడిలోని ఖరీదైన సరుకుగానో మిగులుతుంది.

కాబట్టి వ్యవసాయ వారసత్వాన్ని గురించిన విధానాన్ని గాని, రచనను గాని అంచనా వేయడానికి ఒక కొలమానం చాలు: అది పంటను ఎంత గొప్పగా పిలిచిందన్నది కాదు, పండించేవారిని వారసులుగా గుర్తించిందా లేదా అన్నది. చిన్న గింజలకు మద్దతు ధర, కౌలు సాగుదారులైన స్త్రీలకు రైతు గుర్తింపు, ఊరికొక పొట్టుతీసే మర, చౌకదుకాణంలో స్థానిక ధాన్యం అనేవి ఆ గుర్తింపుకు తొలి రుజువులు. ‘శ్రీ’ అన్నది పంటకు ప్రభుత్వం ఇచ్చిన బిరుదు. ‘సత్యం’ అన్నది పండించినవారు పెట్టుకున్న పేరు. రెండవ పేరు పెట్టినవారి చేతికి పట్టా, విత్తనం, ధర చేరినప్పుడే మొదటి పేరుకు అర్థం సమకూరుతుంది.